సూది కొస ఎక్కడుంది? రాళ్ళూ స్టెంటూ ఉన్న పాంక్రియాస్‌లో ఒక ఈయూఎస్ బయాప్సీ

ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (వాడుకలో ఈయూఎస్), అంటే నోటి గుండా లోపలికి పంపిన గొట్టం కొసనుంచి తీసే అల్ట్రాసౌండ్, నేర్చుకునే కుర్ర డాక్టర్లు గడ్డ దొరకలేదని పిలవడం తక్కువ. "సార్, సూది పోయింది" అని పిలవడమే ఎక్కువ. గడ్డ తెరమీదే ఉంటుంది. సూది బయటికొచ్చిందని చేతికి తెలుస్తూనే ఉంటుంది. తెరమీద మాత్రం సగం గీత కనబడి ఆగిపోతుంది. ఈ కేసులో జరిగిందీ అదే. జబ్బు అరుదైనదేమీ కాదు. సూది ఎందుకు కనబడలేదో విడదీసి చూసుకున్నాక రెండోసారి ఏమేం మార్చామో, ఎందుకు మార్చామో రాసిపెడితే ఈ పని చేసేవాళ్ళకి పనికొస్తుందనిపించింది. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వృత్తి లాంటివి వదిలేశాను.

నేపథ్యం

యాభై దాటిన మనిషి, ఉత్తరాంధ్ర పల్లె నుంచి వచ్చారు. విశాఖలో మా దగ్గరికి ఇటు ఇచ్ఛాపురం నుంచీ అటు కోరాపుట్, రాయగడ నుంచీ కూడా రోగులు వస్తారు. చాలామంది అప్పటికే ఒకటి రెండు ఆసుపత్రులు తిరిగి, సంచీ నిండా రిపోర్టులతో దిగుతారు. ఈయనా అంతే. ఎన్నో ఏళ్ళుగా షుగరు, ఇన్సులిన్ మీద ఉన్నారు. కుర్రతనం నుంచీ అప్పుడప్పుడూ పొట్ట పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి పాకేది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తెరిపిచ్చేది. మందు అలవాటు లేదు. పాత ఎక్స్‌రేలోనే పాంక్రియాస్‌లో (క్లోమ గ్రంథిలో) రాళ్ళు తెల్లగా కనబడుతున్నాయి. కేరళలో ఎక్కువగా వర్ణించిన ట్రాపికల్ పాంక్రియాటైటిస్ (మందు అలవాటు లేనివాళ్ళకీ చిన్న వయసులోనే మొదలయ్యే పాంక్రియాస్ వాపు) తీరు ఇది. మన జిల్లాల్లోనూ చూస్తుంటాం. ఇలా ఏళ్ళ తరబడి పాడైన పాంక్రియాస్‌లో క్యాన్సర్ వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. అందుకే ఈ మనిషికి కొత్తగా కామెర్లు వచ్చాయనగానే అనుమానం అటు పోతుంది.

కామెర్లు, ఒళ్ళంతా దురద, వేసుకున్న చొక్కా వదులైపోయేంత బరువు తగ్గడం. కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 14 దాకా వెళ్ళింది. వేరేచోట ఈఆర్‌సీపీ (నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళంలోకి వెళ్ళే పద్ధతి) చేసి పిత్తనాళంలో 10 ఫ్రెంచ్ ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. అంటే సుమారు 3.3 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం. కామెర్లు దిగాయి, దురద పోయింది. మా దగ్గరికి వచ్చేసరికి బిలిరుబిన్ 3.

సమస్య

సీటీలో పాంక్రియాస్ తలభాగం ఉబ్బి ఉంది. అందులో 2.8 సెంటీమీటర్ల మేర సరిగా రంగెక్కని ప్రాంతం, చుట్టూ రాళ్ళు, మధ్యలో స్టెంట్. ఆ ప్రాంతం పక్కనున్న పెద్ద సిరను, అంటే పేగుల నుంచి రక్తం తెచ్చే సుపీరియర్ మెసెంటెరిక్ వెయిన్‌ని, ఆనుకుని ఉంది. పాంక్రియాస్ క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు రక్తంలో చూసే సీఏ 19-9 బాగా పెరిగి ఉంది కానీ ఆ రక్తం కామెర్లు ఉన్నప్పుడు తీసింది. పిత్తం అడ్డుపడితే క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం. క్యాన్సర్‌లా కనబడే ఒక రకం పాంక్రియాస్ వాపులో పెరిగే ఐజీజీ4 మామూలుగానే ఉంది.

ఆపరేషన్‌తో తీసేయగల గడ్డ అని స్పష్టంగా ఉంటే బయాప్సీ లేకుండానే సర్జన్ ముందుకెళ్ళొచ్చు. అది తప్పు కాదు, చాలాచోట్ల అదే పద్ధతి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. సిరను ఆనుకుని ఉంది కాబట్టి క్యాన్సరే అయితే ముందు కీమో ఇచ్చి, తరవాత ఆపరేషన్ ఆలోచించాలి. ముక్క చేతిలో లేకుండా కీమో మొదలుపెట్టే ఆంకాలజిస్టు ఉండరు. పాత వాపు తాలూకు గట్టిదనమే అయితే తలభాగం మొత్తం తీసేసే విపుల్ ఆపరేషన్ ఈయనకి అక్కర్లేదు, చిన్న ఆపరేషన్‌తో సరిపోవచ్చు. ఏ దారి పట్టినా ముందు ముక్క కావాలి.

ఈయూఎస్ ఎందుకంటే, డుయోడినంలో (చిన్నపేగు మొదటి భాగంలో) నిలబడి చూస్తే ఆ గడ్డకీ మనకీ మధ్య పేగు గోడ తప్ప ఏమీ ఉండదు. గొట్టం చివర అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉంటుంది, పక్కనుంచి సూది వస్తుంది. తొలినాటి రేడియల్ స్కోపులు గొట్టానికి అడ్డంగా, గుండ్రంగా బొమ్మ చూపించేవి. వాటితో సూదిని దాని పొడవునా చూడటం కుదరదు. గొట్టం పొడవు వెంటే బొమ్మ తీసే లీనియర్ స్కోపు వచ్చాకే సూది దారి మొత్తం తెరమీదికి వచ్చింది. పాంక్రియాస్ నుంచి ఇలా సూదితో కణాలు తీయడాన్ని 1992లో డెన్మార్క్ వైద్యులు ప్రచురించారు. అప్పటినుంచి సూదులు చాలా మారాయి, సూది కనబడాలన్న షరతు మాత్రం మారలేదు.

మొదటిసారి

రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, ప్లేట్‌లెట్లు సరిగ్గానే ఉన్నాయి. మత్తుకి ప్రొపొఫాల్ ఇచ్చి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాం. డుయోడినం రెండో భాగం నుంచి చూస్తే తలభాగమంతా తెల్లటి చుక్కలు, వాటి వెనక నల్లటి నీడలు. స్టెంట్ రెండు సమాంతరమైన తెల్ల గీతలుగా మెరుస్తోంది. ఆ గజిబిజిలో అంచులు తేలని నల్లటి ప్రాంతం ఒకటి. గడ్డ బాగా కనబడేది అక్కడినుంచే కాబట్టి అక్కడే ఆగి, 22 గేజ్ బయాప్సీ సూది ఎంచుకున్నాం. కణాలు మాత్రమే కాకుండా ముక్కలాగా రావాలని, కొస మూడు పళ్ళుగా చెక్కిన రకం తీసుకున్నాం.

సూది పేగు గోడ దాటి మొదటి సెంటీమీటరు చక్కగా కనబడింది. తరవాత లేదు. చేతికి మాత్రం గట్టిగా తగులుతోంది. ఇంత పాత పాంక్రియాటైటిస్‌లో గ్రంథి తోలులాగా ఉంటుంది, సూదిని బలంగా నెట్టాల్సి వస్తుంది.

అందరూ చేసే పనులే చేశాం. గెయిన్ (తెరమీద బొమ్మ వెలుగు) పెంచాం. సూదితోపాటు రాళ్ళూ, పీచూ, స్టెంటూ అన్నీ తెల్లబడ్డాయి, సూది ఇంకా కలిసిపోయింది. ఫ్రీక్వెన్సీ తగ్గించి చూశాం. లోతు బాగుపడింది, గీత మాత్రం రాలేదు. ఫోకస్ గడ్డ లోతుకి దించాం. స్టైలెట్‌ని (సూది లోపలుండే సన్న తీగని) ముందుకీ వెనక్కీ ఆడించాం. అలా ఆడిస్తే కొస దగ్గర కదలిక కనబడాలి. ఏదో కదిలింది కానీ అది కొసో, సూది తోసుకుపోతున్న కణజాలమో తేలలేదు.

ఇంతలో సహాయంగా ఉన్న ఫెలో (శిక్షణలో ఉన్న డాక్టరు) "అదిగో సార్, సూది" అని ఒక తెల్ల గీతని చూపించాడు. చూడటానికి అచ్చం సూదే. చేతిలో హ్యాండిల్‌ని కాస్త ముందుకీ వెనక్కీ కదిపాను. గీత కదల్లేదు. అది స్టెంట్ గోడ.

ఆ స్థితిలో ఎక్కువ సేపు తిప్పులాడటం మంచిది కాదనిపించింది. పక్కనే పెద్ద సిర ఉంది, కొస ఎక్కడుందో తెలియదు. కనబడిన మేర నిస్సందేహంగా గడ్డ అంచులో ఉన్న చోటునుంచి కొంత తీసి, ఆపేశాం. పాథాలజీ రిపోర్టులో రక్తం, పీచు కణజాలం, మామూలు పాంక్రియాస్ కణాలు, కొద్దిగా వాపు లక్షణాలు వచ్చాయి. క్యాన్సర్ కణాలు లేవు.

రిపోర్టు వచ్చాక

ఇంట్లోవాళ్ళు ఆ కాగితం ఎవరిచేతో చదివించుకుని అప్పటికే సంబరపడ్డారు. రోగి బావమరిది నా గదిలోకి వస్తూనే, "కేన్సరు కాదంట కదా డాక్టరు బాబూ! ఇంక ఇంటికి తీసుకుపోమంటారా?" అన్నాడు.

"కాదని ఈ కాగితం చెప్పట్లేదండీ," అన్నాను. "తీసిన ముక్కలో లేదని చెబుతోంది, అంతే. ఆ ముక్క గడ్డ మధ్యలోంచి వచ్చిందని నేను గట్టిగా చెప్పలేను. మళ్ళీ తీయాలి."

ఆయన కాసేపు పలకలేదు. "ముందోపాలి ఏసేరు కదండి సూది. అదే సూది మళ్ళీ ఏత్తే ఏటి తేడా అండి?"

ఇంతకంటే సూటిగా ఈ ప్రశ్న నన్ను ఏ కాన్ఫరెన్సులోనూ ఎవరూ అడగలేదు. అదే పని అలాగే మళ్ళీ చేస్తే అదే ఫలితం వస్తుంది. కాబట్టి రెండోసారి ఒప్పుకోమనే ముందు ఏం మారుస్తామో మాకు తెలిసుండాలి.

ఎందుకు కనబడలేదు

ఆరోజు సూదిని షీత్‌లోంచి (దాని తొడుగులోంచి) బయటికి తీసి తెల్ల గాజుగుడ్డ మీద పెట్టి చూశాం. నేరుగా ఉండాల్సింది చివరి నాలుగైదు సెంటీమీటర్లు స్పష్టంగా ఒక పక్కకి వంగి ఉంది. డుయోడినం రెండో భాగంలో స్కోపు కొస బాగా మడిచి ఉంటుంది, దానిమీద ఎలివేటర్ (సూది దిశ మార్చే చిన్న మీట) ఎత్తి ఉంటుంది. ఆ మడతలోంచి గట్టి కణజాలంలోకి తోసినప్పుడు సూదికి ఆ వంపు అలాగే ఉండిపోతుంది. ముందు షీత్‌లో ఉన్నంతసేపు తెలియదు. బయటికొచ్చాక తన వంపు దారిన తను పోతుంది.

అల్ట్రాసౌండ్ చూపేది కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న పలచటి పొరను మాత్రమే. 22 గేజ్ సూది బయటి మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. పక్కకి కాస్త వంగితే చాలు, సూది ఆ పొరను దాటి పోతుంది. దాటిన చోట గీత తెగిపోతుంది, తెగిన చోట ఒక తెల్ల చుక్క మెరుస్తుంది. చూసేవాళ్ళు అదే కొస అనుకుంటారు. నిజం కొస ఇంకా ముందుకి, తెరకి కనబడని చోట ఉంటుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ప్రమాదకరమైన క్షణం ఇదే. సూది అసలు కనబడకపోతే ఎవరైనా ఆగుతారు. కొస లాంటిది కనబడితే ఆగరు.

రెండోది కోణం. చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎండని గోడమీదికి కొట్టే ఆట అందరం ఆడాం. అద్దం కాస్త వాలితే వెలుగు ఎటో పోతుంది. నున్నటి సూది మీద పడ్డ శబ్దతరంగమూ అంతే. సూది తరంగానికి అడ్డంగా ఉంటే ప్రతిధ్వని ప్రోబ్‌కి తిరిగొస్తుంది. తరంగం వెంటే నిలువుగా దిగిందంటే ప్రతిధ్వని పక్కకి జారిపోతుంది. అందుకే తయారీదారులు కొస దగ్గర సూది ఒంటిమీద సన్నసన్న గుంటలు చెక్కుతారు, కొందరు గరుకు చేస్తారు. ఏ కోణంలో పడ్డ తరంగమైనా కొంత వెనక్కి చెదిరి వస్తుందని. కోణం బాగాలేనప్పుడు ఈ గుంటలు నిజంగానే ఆదుకుంటాయి. పొర దాటిపోయిన సూదికి మాత్రం అవేం చేయలేవు. ఎంత ఖరీదైన సూదైనా ఇంతే.

మూడోది ఈ రోగికే ప్రత్యేకం. సూది దారికి పైన రాళ్ళున్నాయి, వాటి నీడలో సూది నడిచింది. పక్కన స్టెంట్ తన తెల్ల గీతలతో దారి తప్పించింది.

ఇలా విడదీసి చూస్తే మెషీన్ బొత్తాలతో బాగుపడేది వీటిలో చాలా తక్కువని తేలింది. వంపు, నీడ, స్టెంట్, ఈ మూడూ మనం నిలబడే చోటుతోనూ పని వరసతోనూ ముడిపడినవి.

వేరే దారులు

బయటినుంచి సీటీ చూస్తూ సూది వేయొచ్చా అని రేడియాలజిస్టుని అడిగాం. తలభాగానికి పేగులూ రక్తనాళాలూ దాటి రావాలి, పైగా రాళ్ళమధ్య ఆ గడ్డ సరిగా తేలట్లేదు అన్నారు. ఈఆర్‌సీపీలో బ్రష్ పెట్టి కణాలు తీయొచ్చు కానీ నాళం బయటినుంచి నొక్కుకుపోయినప్పుడు దానికి దొరికేది తక్కువ. నేరుగా ఆపరేషన్‌కి సర్జన్ ఒప్పుకోలేదు, ఆయన కారణం పైన చెప్పాను. దాంతో మళ్ళీ ఈయూఎస్‌కే వచ్చాం.

రెండోసారి

మొదటి నిర్ణయం స్టెంట్ గురించి. దాన్ని ఉంచితే గీతల గొడవ, తీసేస్తే కామెర్లు, జ్వరం వచ్చే భయం. ఒకే మత్తులో మూడు పనులు వరసగా చేద్దామనుకున్నాం. ముందు ప్లాస్టిక్ స్టెంట్ తీసేయడం, ఈయూఎస్‌లో ముక్క తీయడం, వెంటనే ఈఆర్‌సీపీలో కొత్త స్టెంట్ వేయడం. కొత్తది పూర్తిగా కప్పు ఉన్న మెటల్ స్టెంట్. జబ్బు ఏదో తేలలేదు కాబట్టి తరవాత తీసేయడానికి వీలుండాలి. మెటల్ స్టెంట్ ముందే వేస్తే దాని మెరుపూ నీడా ఇంకా ఎక్కువ, అందుకే అది చివర.

రెండోది చోటు. గడ్డ పైభాగం డుయోడినం బల్బు (దాని మొదటి భాగం) నుంచి కూడా కనబడుతోంది. రెండో భాగం నుంచి కనబడినంత నిండుగా లేదు, కానీ ఇక్కడ స్కోపు కొసని అంతగా మడవక్కర్లేదు. రాళ్ళు చాలావరకు గడ్డకి వెనకపడ్డాయి, సూది దారికి పైన లేవు. బొమ్మ అందంగా ఉన్న చోటు కంటే సూది నేరుగా నడిచే చోటు మేలని అక్కడే ఆగాం. బల్బు దగ్గర గ్యాస్ట్రోడుయోడినల్ ధమని అడ్డొస్తుంది కాబట్టి రక్తం పారే చోటు చూపే డాప్లర్ పెట్టి దారి చూసుకున్నాం.

మూడోది సూది. ఈసారి 25 గేజ్, అదే మూడు పళ్ళ రకం. ఫెలో వెంటనే అడిగాడు, "0.5 మిల్లీమీటర్ల సూది ఇంకా కనబడదు కదా సార్?" న్యాయమైన ప్రశ్నే. సన్నది కాబట్టి ప్రతిధ్వని కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ మెత్తగా ఉంటుంది, మడతలోంచి వచ్చినా మొండిగా వంపు పట్టదు, గట్టి గ్రంథిలోకి తేలిగ్గా దిగుతుంది. పొరలో నిలిచే సన్న సూది పొర దాటిపోయే లావు సూది కంటే బాగా కనబడుతుంది. సూదిని స్కోపు నేరుగా ఉన్నప్పుడే ఎక్కించి, బిగించి, ఆ తరవాతే బల్బులోకి వెళ్ళాం. స్టైలెట్ తీసేసి సూదిలో సెలైన్ నింపాం, గాలి బుడగలు లోపలికి పోయి తెల్లటి మబ్బు కమ్మకుండా.

నాలుగోది నర్సుకి అప్పజెప్పిన పని. సూది హ్యాండిల్ మీద సెంటీమీటర్ల గుర్తులుంటాయి. సూది ఎంత బయటికొచ్చిందో అవి చెబుతాయి. మామూలుగా లోతు హద్దు పెట్టుకోవడానికే వాటిని చూస్తాం. ఈసారి సూది కదిలినప్పుడల్లా ఆ అంకె పైకి చదవమని సిస్టర్‌కి చెప్పాం. తెరమీద కనబడే సూది పొడవుని నేను కొలతతో పోల్చుకుంటాను. రెండూ సరిపోతే కొస పొరలోనే ఉన్నట్టు. హ్యాండిల్ ఎక్కువ చెప్పి తెర తక్కువ చూపితే కొస ఎటో పోయినట్టు.

ముందు షీత్ కొస తెర కుడి మూలలో కనబడేదాకా ఆగాం. గెయిన్ తగ్గించాం, డైనమిక్ రేంజ్ (తెలుపు నలుపుల మధ్య బూడిద ఛాయలు) కూడా తగ్గించి బొమ్మని కాస్త మొరటుగా చేశాం. చూడ్డానికి బాగుండదు కానీ గడ్డ నల్లబడి సూది తేలుతుంది. సూది ఒక సెంటీమీటరు తోసి ఆపాం. "ఒకటి" అంది సిస్టర్. తెరమీదా ఒకటి. ఇంకొంచెం తోశాం. "రెండున్నర." తెరమీద ఒకటిన్నర దగ్గర తెల్ల చుక్క, చక్కగా, అచ్చం కొసలాగా. గడ్డ మధ్యలోనే ఉంది. సిస్టర్ అంకె చదవకపోతే అక్కడే ముక్క తీసేవాళ్ళం.

సూదిని తోయకుండా, స్కోపుని మాత్రం వేళ్ళతో ఎడమవైపు పిసరంత తిప్పాను. గీత ఒక్కసారిగా పొడుగైంది, చివర గుంటలున్న భాగం చుక్కచుక్కలుగా మెరిసింది. గడ్డ అవతలి అంచుకి చేరిపోయి ఉంది, దాని వెనకే సిర. వెనక్కి లాగి, గడ్డలోనే ఎలివేటర్‌తో దిశ మారుస్తూ తీశాం. కొస పోయినప్పుడల్లా ఇదే పద్ధతి: సూది కదలకూడదు, స్కోపే తిరగాలి. సూది కదిలిస్తూ వెతికితే వెతికే వస్తువే చోటు మారిపోతుంటుంది.

ప్రతి పాస్ (సూదిని ఒకసారి లోపలికి పంపి బయటికి తీయడం) తరవాత సూదిని గాజుగుడ్డ మీద పెట్టి వంపు చూశాం. వంపు పడితే గాజుగుడ్డతో పట్టుకుని నెమ్మదిగా సరిచేశాం. వేల రూపాయల సూదిని పారేసి ఇంకోటి తీయడం మన రోగులకి భారం. మరీ మొండిగా వంగితే మాత్రం మార్చక తప్పదు. పాస్‌కీ పాస్‌కీ మధ్య కాస్త ఆగాం. సూది తీసిన దారిలో బుడగలూ రక్తమూ కొద్దిసేపు తెల్ల గీతగా మిగిలి మళ్ళీ సూదిలాగే కనబడతాయి.

ఫార్మలిన్ సీసాలో ఈసారి రక్తపు గడ్డల మధ్య తెల్లటి దారపు పోగుల్లాంటి ముక్కలు విడిగా తేలాయి. వెంటనే ఈఆర్‌సీపీ, కొత్త స్టెంట్. రాత్రి కొంచెం నొప్పి ఉంది, పాంక్రియాస్ వాస్తే రక్తంలో పెరిగే అమైలేజ్ పెద్దగా పెరగలేదు, మర్నాడు జావ తాగారు.

రిపోర్టు అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. బావమరిదితో ఈసారి మాట్లాడటం కష్టమైంది. ఆయన ఒకటే అడిగాడు, "ముందోపాలి కాయితం నమ్మి ఇంటికెల్పోతే ఏటయ్యేదండి?" చెప్పాను. నగరంలోనే క్యాన్సర్ విభాగంలో కీమో మొదలైంది. సగం కోర్సు తరవాత తీసిన సీటీలో గడ్డ కొంత తగ్గింది. సిర దగ్గర ఖాళీ కనబడుతోందా లేదా అన్నది ఇప్పుడు సర్జన్లు చూస్తున్నారు.

మా దగ్గర మారినవి

హ్యాండిల్ అంకె పైకి చదవడం ఇప్పుడు కష్టమైన ప్రతి కేసులోనూ చేస్తున్నాం. సిస్టర్లకి ఇది నచ్చింది. అంతకుముందు వాళ్ళు తెరవైపు చూడాల్సిన అవసరమే ఉండేది కాదు, ఇప్పుడు "సార్, ఒక సెంటీమీటరు తక్కువుంది" అని వాళ్ళే ఆపుతున్నారు.

పాంక్రియాస్ తలలో గడ్డ అనుమానం ఉంటే, చీము పట్టి జ్వరం లేనంతవరకు, స్టెంట్ కంటే ముందు ఈయూఎస్ చేయించమని మాకు రోగుల్ని పంపే డాక్టర్లకి చెబుతున్నాం. పల్లెల్లో కామెర్లతో మగ్గుతున్న మనిషికి ముందు దురద తగ్గించాలని వాళ్ళు తొందరపడటం నాకర్థమవుతుంది. అన్నిచోట్లా ఈయూఎస్ లేదు కూడా. అందుకని స్టెంట్ వేయక తప్పకపోతే ప్లాస్టిక్‌దే వేసి, వేసిన తేదీ, సైజు రాసి పంపమంటున్నాం.

ఇంకోటి, మా ప్రొసీజర్ రిపోర్టులో ఒక వరస కలిపాం: తీసేటప్పుడు సూది కొస గడ్డలో కనబడిందా, లేదా, అనుమానమా. పాథాలజీ కాగితంతోపాటు ఆ వరస కూడా సర్జన్ చేతికి వెళ్తుంది. కొస అనుమానమని రాసిన కేసుల్లో నెగెటివ్ వస్తే, ఇప్పుడు ఆయనే ఫోన్ చేసి మళ్ళీ ఎప్పుడు తీస్తున్నారని అడుగుతున్నారు.